చెట్టు స్టేషన్

మ్యూనిక్,
2010 జనవరి 8

ఆఫ్రాకి,

అల్లా నిన్నూ నీ పిల్లల్నీ చల్లగా చూడాలి. నీ నోటికి కూడా కాస్త చల్లదనం ఇవ్వాలి.

ముందే చెప్తున్నాను, ఈ ఉత్తరం చింపెయ్యకు. నాలుగేళ్ళ కిందట మా ఇంట్లో, వచ్చినవాళ్ళందరి ముందూ కాఫీ కప్పు కింద పెట్టి, "అల్లా మీద ఒట్టు, హారిబ్‌తో ఇక నోరు విప్పి మాట్లాడను, చెట్టు పెకలించి కట్టే ఆ స్టేషన్‌లో కాలు పెట్టను" అన్నావు. ఉత్తరాలు రాసుకోకూడదని మాత్రం అనలేదు. నాకు బాగా గుర్తు. చేపల మార్కెట్‌లో ముప్ఫై ఏళ్ళు వేలంపాట పాడినవాణ్ణి, ఎవరు ఏ మాట అన్నారో మర్చిపోతే నా బతుకు గడిచేదా?

మోకాళ్ళు చూపించుకోవడానికి వచ్చాను. మా మీథా వెంట ఉంది. ఆడపిల్ల అనుకున్నాను గానీ తల్లి పోయాక పూర్తిగా పోలీసైపోయింది. ఉప్పు వద్దు, చలిలో తిరగొద్దు, గట్టిగా మాట్లాడొద్దు. కిటికీ అవతల అంతా మంచు. మొదటి రోజు ముచ్చటేసింది, ఇప్పుడు చూస్తే మన సబ్ఖా ఉప్పునేల గుర్తొస్తోంది. అదే తెలుపు, అదే చవిటినేల, లారీ దిగబడిపోతుందేమోనని అదే భయం.

నీ కొడుకు ఒబైద్ ఫోన్ చేసినప్పుడు చెప్పాడు, మన చెట్టు దగ్గర స్టేషన్ తెరిచారట. నేను బయల్దేరిన వారానికే! చూసే యోగం లేకపోయింది. నువ్వు వెళ్ళి చూసి, ఎలా ఉందో రాయవే. మెట్లెక్కి పైనుంచి చూస్తే సముద్రం కనిపిస్తుందా? నాన్న ఎప్పుడూ అనేవాడు కదా, ఈ చెట్టెక్కితే సముద్రం కనిపిస్తుందిరా అని. మనం ఎక్కితే అమ్మ కొట్టేది, అందుకని ఆ సంగతి తేలనేలేదు.

పక్క గదిలో హమ్దాన్ అని మన ఊరి ఆయనే ఉన్నాడు. వాళ్ళ వాళ్ళు వారం వారం వచ్చిపోతుంటారు. ఉత్తరం వాళ్ళ చేతికే ఇస్తున్నాను. నువ్వూ వాళ్ళకే ఇవ్వు.

ఫోన్ చేస్తే ఇంకా మంచిది. చెయ్యవులే, తెలుసు.

నీ అన్న, ఒట్టు లేనివాడు,
హారిబ్


దుబాయ్,
జనవరి 16

వేలంపాటల అన్నగారికి సలాములు.

ఉత్తరం చింపలేదు. చింపడానికి మనసొప్పక కాదు, మీథా గురించి రాశావని. ఆ పిల్లకి నా ముద్దులు చెప్పు. దాని మాట విను.

మోకాళ్ళ కోసం మ్యూనిక్ దాకా పోవాలా? ఇక్కడ మోకాళ్ళు చూసే డాక్టర్లు లేరా? నాకు తెలుసు నీ సంగతి. చల్లగా ఉంటుందని పోయావు. పొద్దున్నే పార్కులో నడక, మధ్యాహ్నం కాల్చిన మాంసం, సాయంత్రం హమ్దాన్‌తో పేకాట. ఉండు, హాయిగా ఉండు. నా చెవులూ నాలుగేళ్ళుగా హాయిగానే ఉన్నాయి. నీ గొంతు లేకపోతే ఇల్లు ఎంత నిమ్మళంగా ఉంటుందో ఇప్పుడే తెలిసింది.

స్టేషన్ చూసి రమ్మంటావా! ఎంత ధైర్యం! అమ్మ నాటిన చెట్టు కాకపోయినా, అమ్మ నీళ్ళు పోసి కాపాడిన చెట్టు అది. జమ్మిచెట్టు ఎంత మొండిదో నీకు తెలియదా, ఇసుకలో ఎంత లోతుకైనా వేరు దించి బతుకుతుంది. దాన్ని క్రేన్‌తో పెకలించి ఎక్కడో పార్కులో పాతితే బతుకుతుందా? ఇంజనీర్లు వచ్చి కాగితాలు పరిచిన రోజు, ఇంటికి పెద్దవాడివి, నువ్వు ఒక్క మాట అడ్డు చెప్పలేదు. మార్కెట్‌లో ఒక్క కేక వేస్తే పడవల మీద వాళ్ళు కూడా తల తిప్పి చూసే నోరు నీది. ఆ రోజు ఎక్కడ పెట్టుకున్నావు ఆ నోరు?

పోనీ, అడిగావు కాబట్టి చెప్తాను. లోపలికి వెళ్ళలేదు. ఒబైద్ కారులో కింద నుంచి చూశాను. బంగారు రంగు పెంకు బోర్లించినట్టు ఉంది. లావుపాటి స్తంభాల మీద అంత ఎత్తున రైలు పోతోంది. డ్రైవరే లేడట! దానంతటదే ఆగుతుందట, దానంతటదే కదులుతుందట. నాన్న వింటే నవ్వి చచ్చేవాడు. ఆ స్టేషన్‌కి ఏదో పొడుగాటి పేరు పెట్టారు, ఎవరి నోరూ తిరగడం లేదు. మన వాడ వాళ్ళు మాత్రం 'చెట్టు స్టేషన్' అంటున్నారు. చెట్టు లేదు, పేరు ఉంది.

ఇంటికొచ్చి పడుకున్నాను, నిద్రపడితే ఒట్టు. నాన్న బెడ్‌ఫోర్డ్ లారీయే కళ్ళ ముందు. నువ్వు వెనక బల్ల మీద నిలబడి ఊళ్ళన్నీ అరిచేవాడివి. "జుమైరా! ఉమ్ సుఖీమ్! చెట్టు! జబల్ అలీ! గంతూత్! సమ్‌హా! మఖ్తా! అబూ ధబీ! అబూ ధబీ!" పన్నెండేళ్ళ కుర్రాడికి అంత గొంతెక్కడిదని అందరూ అనేవాళ్ళు. ఆ కేక వినగానే నేనూ అమ్మా చెట్టు కింది నీళ్ళ కుండ నింపడానికి పరుగెత్తేవాళ్ళం. దిగినవాళ్ళు తాగేవాళ్ళు, ఎక్కేవాళ్ళు తాగేవాళ్ళు. అందరూ ఎక్కాక లారీ గోడ మీద నువ్వు రెండు దెబ్బలు కొట్టేవాడివి. ధడ్, ధడ్. అది వినిపిస్తేనే నాన్న బండి కదిలించేవాడు. నువ్వు కొట్టకపోతే సాయంత్రం దాకా అక్కడే ఉండేవాడు.

సముద్రం కనిపిస్తుందో లేదో నాకు తెలియదు. తెలుసుకోను.

నీతో మాట్లాడని చెల్లెలు,
ఆఫ్రా


మ్యూనిక్,
జనవరి 23

మాట్లాడని చెల్లికి, మాట్లాడకుండానే ఇంత తిట్టగలిగిన నా తల్లికి,

నీ ఉత్తరం మీథా చేత మూడుసార్లు చదివించుకున్నాను. లారీ దగ్గరికొచ్చేసరికి ప్రతిసారీ ఏడ్చాను. తిట్ల దగ్గర నవ్వాను.

ఆ ఇంజనీర్ల రోజు సంగతి ఇన్నాళ్ళూ నువ్వు అడగనూ లేదు, నన్ను చెప్పనివ్వనూ లేదు. ఇప్పుడు చదువు. వాళ్ళు వచ్చి, స్తంభం ఇక్కడే పడాలి, చెట్టును జాగ్రత్తగా తీసి వేరేచోట పెడతాం అన్నారు. నేను అడ్డు చెప్పలేదు, నిజమే. భయపడి కాదు. అమ్మ ఆ కుండ ఎందుకు పెట్టింది? చెట్టు కోసమా? ఎండలో ఆగేవాళ్ళ కోసం. లారీ పోయాక అక్కడ ఎవరూ ఆగలేదు ఆఫ్రా. పెద్ద రోడ్డు పడ్డాక అందరూ కార్లలో దూసుకుపోయారు. ముప్ఫై ఏళ్ళు చెట్టు కింద ఒక్కడు కూర్చోలేదు. మళ్ళీ జనం అక్కడ దిగుతారు, ఎక్కుతారు అంటే నాకు అమ్మే గుర్తొచ్చింది. చెట్టు ఎండిపోతుందని నేననుకోలేదు. అది ఎండిన రోజు నేనూ అన్నం తినలేదు.

నీకు కోపం పోవాలని రాయలేదు. కోపం నీ దగ్గరే ఉంచుకో, నీకు బాగుంటుంది.

ఒక్కటి అడుగుతాను, కాదనకు. ఈ నెలాఖరు లోపు నాకు ఫోన్ చెయ్యి. ఒక్కసారి చాలు. ఒట్టు వదిలించుకుని పరిహారం తీర్చుకోవడం ఎలాగో నాకంటే నీకే బాగా తెలుసు, పదిమంది పేదవాళ్ళకి కడుపునిండా అన్నం పెడితే సరి. నెలాఖరు దాటాక చేస్తే నాకు కుదరదు.

ఇక్కడ చలికి గొంతు పట్టేసింది. అయినా నీతో మాట్లాడ్డానికి సరిపోయేంత ఉంది.

ఎదురుచూస్తూ,
హారిబ్


దుబాయ్,
జనవరి 30

కుదరని అన్నగారికి,

ఓహో! నెలాఖరు దాటాక కుదరదా! ఆల్ప్స్ కొండలు చూడ్డానికి పోతున్నావా, లేక హమ్దాన్ చెల్లెల్ని పెళ్ళి చేసుకుంటున్నావా? నేను ఒట్టు తీర్చుకుని, పదిమందికి వండిపెట్టి, నీకు ఖాళీ ఉన్న రోజు చూసుకుని ఫోన్ చెయ్యాలన్నమాట. సుల్తాన్‌వా నువ్వు? గొంతు పట్టేసిందని జాలిగా రాస్తే కరిగిపోతాననుకున్నావు. చిన్నప్పుడు కూడా అంతే. నా వాటా లుఖైమాత్ తీపి ఉండలు తినేసి, కడుపునొప్పని ఏడ్చేవాడివి. అమ్మ నన్నే తిట్టేది.

నేను ఫోన్ చెయ్యను. గెలిచానని వాడంతా చాటింపు వేసుకుంటావు.

అయినా చెట్టు ఎండిన రోజు నువ్వు తినలేదని నాకు తెలియదు. అందుకే ఇది చెప్తున్నాను, ఇంకెవరికీ చెప్పకు.

శుక్రవారం నమాజయ్యాక ఒబైద్‌ని రోడ్డు మీద ఆపమన్నాను. స్టేషన్‌కి పోవాలంటే రోడ్డు దాటించే వంతెన ఒకటి ఉంది, అంతా అద్దాలు, లోపల ఏసీ, నేలే మనల్ని మోసుకుపోతుంది. దాని మొదట్లో కాపలావాణ్ణి అడిగాను, "నాయనా, ఈ వంతెన స్టేషన్ లెక్కలోకి వస్తుందా, రోడ్డు లెక్కలోకి వస్తుందా?" అని. వాడు వెర్రిచూపు చూశాడు. "అమ్మా, ఎక్కడికి పోవాలి మీరు?" అన్నాడు. "ఎక్కడికీ కాదు. స్టేషన్ ఎక్కడ మొదలవుతుందో చెప్పు, అక్కడ ఆగిపోతాను" అన్నాను. ఒబైద్ సిగ్గుతో తలపాగా కళ్ళ మీదికి లాక్కున్నాడు. చివరికి కాపలావాడు, "టికెట్ గేటు దాటితేనే స్టేషన్ అమ్మా" అన్నాడు. అయితే సరే అని గేటు దాకా వెళ్ళి నిలబడ్డాను. కాలు దాటించలేదు. ఒట్టు ఒట్టే.

అక్కడి నుంచి పైన రైళ్ళు పేర్లు చెప్పడం వినిపిస్తోంది. ఎవరో ఆడమనిషి గొంతు, మిషన్ గొంతు. తర్వాతి స్టేషన్ ఫలానా, తలుపులు మూసుకుంటున్నాయి, అని. ఎంత చప్పగా ఉందో! ఎండలో అరిచిన నీ కేకలో సగం లేదు. ఉప్పు లేని కూర. "ఇదీ ఒక పిలుపేనా?" అని పైకే అనేశాను. పక్కన ఫిలిప్పీన్స్ అమ్మాయి ఎవరో నవ్వింది.

ఇంతకంటే మెచ్చుకోను. చాలు.

ఆఫ్రా


మ్యూనిక్,
ఫిబ్రవరి 4

ఆఫ్రా,

నీ ఉత్తరం ఇవాళే అందింది. నా కేక బాగుంటుందని నువ్వు రాసిచ్చావు. ఈ కాగితం మీథాకి దాచమని ఇచ్చాను. నువ్వు మాట మార్చకుండా.

మీరు చెప్పకపోతే నేనే అత్తకి ఫోన్ చేసి చెప్పేస్తానని మీథా ఏడుస్తోంది. అందుకని చెప్తున్నాను. మోకాళ్ళు కాదే. గొంతు. లోపల గడ్డ ఉంది, మంచిది కాదు. ఎల్లుండి పొద్దున్నే కోస్తారు. ప్రాణానికి భయం లేదంటున్నారు. స్వరపేటిక తీసేస్తారు. ఆ తర్వాత మెడ దగ్గర చిన్న కన్నం లోంచి ఊపిరి పీలుస్తాను. మాట మాత్రం ఉండదు. నెలాఖరన్నది అందుకు. డాక్టర్లే ఇంకో వారం ఆపారు.

ముందే ఎందుకు చెప్పలేదు అంటావు. చెప్తే పరుగెత్తుకొచ్చి ఒట్టు తీర్చుకునేదానివి. నాకు నీ జాలి వద్దు. నువ్వు కావాలనుకుని ఫోన్ చెయ్యాలి, చేసి నన్ను తిట్టాలి, నేను పెద్దగా నవ్వాలి. అదీ నేననుకున్నది. నీ మొండితనం లెక్కలోకి తీసుకోలేదు, తప్పు నాదేలే!

నిన్న మధ్యాహ్నం మీథా బజారుకి పోయినప్పుడు కోటు వేసుకుని ఆసుపత్రి పెరట్లోకి దిగాను. మోకాళ్ళ దాకా మంచు. నిలబడి, ఊపిరి నిండా పీల్చి, మొదలుపెట్టాను. జుమైరా! ఉమ్ సుఖీమ్! చెట్టు! జబల్ అలీ! గంతూత్! గొంతు జీరపోయింది గానీ, నా మీద ఒట్టు, బాగానే వచ్చింది. కిటికీలన్నీ తెరుచుకున్నాయి. జర్మనీ ముసలాళ్ళందరూ తొంగిచూశారు. హమ్దాన్ తన కిటికీలోంచి "అబూ ధబీకి ఇద్దరం, ఆగు!" అని అరిచాడు. చివర్లో రెండు దెబ్బలు కొట్టాలిగా, లారీ ఏది? ఒక అంబులెన్స్ ఉంటే దాని మీద కొట్టాను. డ్రైవర్ దిగి ఏమేం తిట్టాడో, భాష రాకపోవడం అదృష్టం.

మీథా అప్పటికి వచ్చేసింది. ఇంకోసారి చెప్పండి, ఫోన్‌లో రికార్డు చేస్తానంది. వద్దన్నాను. అది కూడా మీ స్టేషన్‌లో గొంతు లాగే అయిపోతుంది.

ఉత్తరం హమ్దాన్ బావమరిది తెస్తున్నాడు. రేపు రాత్రికి నీ చేతికిస్తాడు. చేరగానే చెయ్యి. ఒక్కసారి.

నీ హారిబ్


దుబాయ్,
ఫిబ్రవరి 11

అన్నయ్యా, నా అన్నయ్యా,

ఆ బావమరిది విమానం పొగమంచు వల్ల మస్కట్‌లో దిగిందట. తిన్నగా ఇంటికి రాకుండా అక్కడ మామగారింట్లో రెండు రోజులు ఉండి, ఏడో తారీకున తీరిగ్గా వచ్చి ఉత్తరం ఇచ్చాడు. కాఫీ కూడా అడిగాడు. పోశాను, ఏం చెయ్యను. వాడు పోయాక విప్పి చదివాను. నువ్వు ఆరునే లోపలికి వెళ్ళిపోయావు.

అల్లా సాక్షిగా, నేను నా గొంతే కోసేసుకోవాలనిపించింది. నీ గొంతు లేకపోతే నా చెవులు హాయిగా ఉన్నాయని రాశానే! ఏ ముహూర్తాన రాశానో. ఆ కాగితం మీథా దగ్గరుంటే చింపెయ్యమను.

మీథాకి ఫోన్ చేశాను. బాగానే కోశారు, స్పృహలో ఉన్నారు అత్తా, వింటున్నారు, మాట్లాడలేరు అంతే, అంది. వెంటనే నీ చెవి దగ్గర పెట్టమనబోయాను. మళ్ళీ ఆగాను. ఒట్టు నా మెడ మీద కూర్చుని ఉంది. నీతో మాట్లాడే మొదటి మాట ఒట్టు తప్పిన మాట కాకూడదనుకున్నాను.

ఫత్వాలు చెప్పే ఆఫీసుకి ఫోన్ చేస్తే, పదిమంది పేదలకి అన్నం పెట్టమ్మా, రెండు మాటలకీ కలిపి ఒక్కటే సరిపోతుంది అన్నారు. ఒబైద్, "అమ్మా, ట్రస్టుకి కడితే వాళ్ళే పెడతారు" అన్నాడు. "మీ మామతో మాట్లాడేది ట్రస్టా, నేనా?" అన్నాను. తెల్లవారుజామునే గోధుమలూ మాంసమూ వేసి హరీస్ పొయ్యి మీద పెట్టాను. చెయ్యి పడిపోయేదాకా నేనే దంచాను, పనమ్మాయిని ముట్టుకోనివ్వలేదు.

ఎక్కడ పెట్టానో ఊహించు. స్టేషన్ కింద! లోపల తినడానికి వీల్లేదని కాపలావాడు అడ్డుపడ్డాడు. నన్ను గుర్తుపట్టి, "మళ్ళీ మీరేనా అమ్మా!" అన్నాడు. బయటే, స్తంభాల నీడలో చాప పరిచాను. మన చెట్టు ఉన్న చోటు అదే అయి ఉండాలి. మధ్యాహ్నం విడుపు వేళ కూలీలు ఆ నీడలోనే కూర్చుంటారట. పెషావర్ వాళ్ళు, కేరళ వాళ్ళు, బంగ్లాదేశ్ వాళ్ళు. రమ్మంటే మొహమాటపడ్డారు. తొమ్మిది మంది కూర్చున్నారు. పదోవాడు దొరకలేదు. మెట్లు దిగుతూ టై కట్టుకున్న లెబనాన్ వాడొకడు కనిపిస్తే, "నాయనా, నువ్వు పేదవాడివా?" అని అడిగేశాను. ఒబైద్ భూమిలోకి పోయినంత పని చేశాడు. ఆ అబ్బాయి టై వదులు చేసుకుని, "పోయిన నెల దాకా కాదమ్మా. ఇప్పుడు ఉద్యోగం లేదు" అన్నాడు. చాప మీద కూర్చుని మిగతా అందరికంటే ఎక్కువ తిన్నాడు. వాళ్ళు తింటుంటే పక్కన మట్టికుండలో నీళ్ళు పెట్టాను. పాత కుండ కాదు, కొత్తదే. ఒక్కొక్కరూ లేచి తాగుతుంటే నువ్వు రాసింది గుర్తొచ్చింది. ఈ నీడ చెట్టు నీడంత చల్లగా లేదన్నయ్యా. కానీ నీడే. నీ మాట నిజం, ఇదిగో ఒప్పుకుంటున్నాను.

ఆఖరివాడు చెయ్యి కడుక్కోగానే గేటు దాటాను. మెట్లన్నీ ఎక్కాను. పైన గాజు తలుపుల ముందు నిలబడి మీథాకి ఫోన్ చేసి, నాన్న చెవి దగ్గర పెట్టు అన్నాను. నాలుగేళ్ళ తిట్లు దాచుకున్నాను, ఒక్కటీ రాలేదు. అరిచాను. జుమైరా! ఉమ్ సుఖీమ్! చెట్టు! జబల్ అలీ! గంతూత్! సమ్‌హా! మఖ్తా! అబూ ధబీ! అబూ ధబీ! జనమంతా నన్నే చూశారు. చూడనీ. సరిగ్గా అప్పుడే రైలు వచ్చి పడింది, చెవులు దిబ్బెళ్ళు పడ్డాయి, లైన్ తెగిపోయింది, మళ్ళీ చేస్తే కలవలేదు. నువ్వు విన్నావో లేదో, ఏమన్నా చేశావో లేదో తెలియలేదు. తలుపులు తెరుచుకున్నాయి. అందరూ ఎక్కారు. నేనెక్కలేదు. నువ్వు కొట్టకుండా ఎలా ఎక్కను?

అన్నట్టు, పైనుంచి సముద్రం కనిపిస్తుంది. భవనాల మధ్య సన్నగా, చీర అంచంత. నాన్న అబద్ధం చెప్పలేదు.

నీ చెల్లి ఆఫ్రా,
మాట్లాడే చెల్లి


మ్యూనిక్,
ఫిబ్రవరి 14

అరుపుల ఆఫ్రాకి,

ఎంత ఘోరంగా అరిచావే! సమ్‌హాకి ముందు ఊపిరి తీసుకోకూడదు, ఎన్నిసార్లు చెప్పాను. మార్కెట్‌లో అయితే నీ పాటకి ఒక్క రొయ్య అమ్ముడుపోదు.

విన్నాను. అంతా విన్నాను. మీథా ఫోన్ నా చెవికి ఆనించి పట్టుకుంది. రెండో అబూ ధబీ కాగానే మంచం పక్కనున్న ఇనుప కమ్మీ మీద రెండు దెబ్బలు కొట్టాను. నర్సు ఏమైందోనని పరుగెత్తుకొచ్చింది. నువ్వు వినలేదని ఇప్పుడు రాస్తున్నావు. అయితే నా చెయ్యి నొప్పి వృథా.

మళ్ళీ చెయ్యి. గురువారం మధ్యాహ్నం, మీ వేళకి. అక్కడే నిలబడు. అరవక్కర్లేదు, కాసేపు ఊరికే మాట్లాడు. హరీస్‌లో ఉప్పు ఎంత వేశావో చెప్పు. నాలుగేళ్ళ తిట్లు గుర్తొస్తే అవీ తిట్టు. నేను ఎటూ ఎదురు చెప్పలేను, ఇంతకంటే మంచి అవకాశం నీకు రాదు. రైలు వచ్చినప్పుడు మీథాకి చెప్పు. కొడతాను.

హారిబ్


దుబాయ్,
ఫిబ్రవరి 18, గురువారం

అన్నయ్యా,

విన్నాను. ధడ్, ధడ్. అదే చెయ్యి.

ఎక్కేశాను. ఆడవాళ్ళ పెట్టెలో కిటికీ పక్కన కూర్చుని జబల్ అలీ వైపు చివరి స్టేషన్ దాకా ఏడుస్తూనే పోయాను, ఇది ఆ పెట్టెలోనే రాస్తున్నాను. దీనికి డ్రైవర్ లేడని ఒబైద్ ఇప్పటికీ అంటున్నాడు. మరి నువ్వు కొట్టగానే కదిలిందేం?

ఆఫ్రా